ప్రైజు రాలేదు... మరి ఆ హ్యాకథాన్ వల్ల ఉపయోగమేంటి?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. ముగ్గురు స్నేహితులతో కలిసి ఆన్‌లైన్ ఫిన్‌టెక్ హ్యాకథాన్‌లో (డబ్బు లావాదేవీల టెక్నాలజీపై తక్కువ సమయంలో యాప్ తయారుచేసే పోటీ) పాల్గొన్నాడు. డ్వాక్రా సంఘాల పొదుపు, అప్పుల లెక్కలు ఫోన్‌లోనే రాసుకుని, కిస్తీ కూడా అందులోనే కట్టే యాప్ చేశారు. రెండు రాత్రులు నిద్ర లేదు. రెండో రౌండ్‌లో 'డబ్బు కట్ అయ్యాక నెట్ పోతే ఏం చేస్తారు?' అని జడ్జి అడిగితే నలుగురూ నీళ్లు నమిలారట. అక్కడితో ఆగిపోయారు. ఇప్పుడు మరో హ్యాకథాన్‌కు పేరిచ్చాడు. వచ్చే నెలలో సెమిస్టర్ పరీక్షలు. ఇవి ఉద్యోగానికి పనికొస్తాయా? మానేయమని చెప్పాలా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: హ్యాకథాన్లు మానేయమనకండి. ఈ రెండోది మాత్రం ఇప్పుడు వద్దనండి. పరీక్షలు ఒక కారణమైతే, మొదటి దాంట్లో పని సగంలోనే ఉండిపోవడం ఇంకో కారణం.

ఆ జడ్జి ఇరికించడానికి అడగలేదు. డబ్బుతో పనిచేసే ఏ కంపెనీ ఇంటర్వ్యూలోనైనా ఎదురయ్యే ప్రశ్నే అది. యూపీఐ చెల్లింపులో పంపేవారి బ్యాంకు, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ, అందుకునేవారి బ్యాంకు మధ్య సందేశాలు అటూ ఇటూ తిరుగుతాయి. ఒకచోట డెబిట్ అయి, రెండోచోటి నుంచి జవాబు సమయానికి రాకపోతే లావాదేవీ పెండింగ్‌లో పడుతుంది. ఇలాంటి వాటికోసమే ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. యూపీఐలో ఒకరి ఖాతాలో తెగిన డబ్బు రెండో ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా తిరిగి జమ కావాలి. దుకాణదారుకు చేసిన చెల్లింపైతే ఐదు రోజులు. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున కస్టమర్‌కు పరిహారం ఇవ్వాలి. మీవాళ్లు యాప్‌లో బహుశా 'సక్సెస్', 'ఫెయిల్' అని రెండే పెట్టి, 'పెండింగ్'ను వదిలేసి ఉంటారు. కొత్తగా చేసే బృందాలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ఒక సభ్యురాలు రూ.1,250 కిస్తీ కడుతోందనుకోండి. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. పోయిందో లేదో తెలియక మళ్లీ నొక్కింది. రెండుసార్లు కట్ అయితే ఆ యాప్‌ను ఇక ఎవరు నమ్ముతారు? అందుకే ప్రతి చెల్లింపుకూ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబరు పుట్టించి పంపాలి. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ కొత్తగా డబ్బు తీయకుండా పాత ఫలితాన్నే చూపాలి. మొత్తాలను దశాంశాల్లో కాకుండా పైసల్లో, పూర్ణాంకాలుగా దాచాలి. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదని మీవాడికి తెలిసే ఉంటుంది. ఆ సంగతి డబ్బుల దగ్గర గుర్తుందా అన్నదే అనుమానం. తప్పు పడిన ఎంట్రీని చెరిపేయకూడదు, ఎదురు ఎంట్రీ వేయాలి. సంఘం పుస్తకంలో అంకె కొట్టేసి దిద్దితే సభ్యులు ఊరుకుంటారా? ఇదీ అంతే.

పరీక్షలయ్యాక ఆ నలుగురినీ ఇదే యాప్ మళ్లీ పట్టుకోమనండి. రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వేల్లో (యాప్‌లకు ఆన్‌లైన్ చెల్లింపులు జరిపిపెట్టే సేవలు) టెస్ట్ మోడ్ ఉంటుంది, అసలు డబ్బు అక్కర్లేదు. చెల్లింపు మధ్యలో కావాలని నెట్ ఆపేసి చూడాలి. తర్వాత మీ ఊళ్లో సంఘం లెక్కలు రాసే ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన మాట్లాడకుండా కూర్చోవాలి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ యాప్ మార్చాలి.

రెజ్యూమెలో 'హ్యాకథాన్‌లో పాల్గొన్నాను' అన్న ఒక్క ముక్కకు పెద్ద విలువ లేదు. 'రెండుసార్లు నొక్కినా ఒక్కసారే డబ్బు తెగేలా కిస్తీ చెల్లింపు రాశాను' అని ఉంటే ఇంటర్వ్యూ చేసేవారు అక్కడ ఆగుతారు. ఆన్‌లైన్ పోటీల్లో ఒకరు కోడ్ రాస్తే ముగ్గురు పీపీటీ చేయడం మామూలే. ఎవరేం రాశారో, కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ తెరిస్తే బయటపడుతుంది. మీవాడి వాటా ఎంతో అడగండి, నిలదీసినట్టు కాకుండా.

ఇక పోటీల ఎంపిక. రుసుము కట్టించుకుని అందరికీ సర్టిఫికెట్ పంచే వాటిని పట్టించుకోవద్దు. ఆర్‌బీఐ 2021లో 'హార్బింజర్' పేరుతో తొలి హ్యాకథాన్ ప్రకటించింది, మొదటి బహుమతి రూ.40 లక్షలు. 2024లో ఆర్థిక మోసాలను అరికట్టడం, దివ్యాంగులకు అనువైన సేవలు అంశాలుగా ఇచ్చింది. అక్కడ కంపెనీలతో తలపడాలి కాబట్టి ఇప్పుడే గెలుపు ఆశించలేం. కానీ అందులో ఇచ్చే సమస్యలు చదివితే ఈ రంగానికి ఏం కావాలో అర్థమవుతుంది. ఆసక్తి నిలిస్తే, ఆర్‌బీఐ 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ హైదరాబాద్‌లోనే ఉంది. బ్యాంకింగ్ టెక్నాలజీ మీదే పనిచేసే సంస్థ. బీటెక్ తర్వాత అక్కడి కోర్సులు చూడొచ్చు.

పరీక్షల సంగతిలో మాత్రం మొహమాటం వద్దు. బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిన సబ్జెక్టు) ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాత పరీక్షకే కూర్చోనివ్వవు, యాప్ ఎంత బాగున్నా సరే. సెమిస్టర్‌కు ఒక్క హ్యాకథాన్ చాలు, అదీ పరీక్షలు దూరంగా ఉన్నప్పుడు. ఇప్పుడు ఇచ్చిన పేరు వెనక్కి తీసుకోవాలంటే బృందంలో మిగతావాళ్లకు ఈ వారమే చెప్పమనండి. ఆఖరి రోజున చెబితే వాళ్లకు ఇంకో మనిషి దొరకడు.