పాత మాల్‌లో ఫ్లాట్లా? ముందు దస్తావేజులు చూడండి

విజయవాడ శివార్లలో ఉన్న పాత షాపింగ్ మాల్‌ను షాపులు, ఆఫీసులు, ఇళ్లు కలిసిన కాంప్లెక్స్‌గా మారిస్తే నడుస్తుందా అని అడిగారు. నడుస్తుంది. కానీ ఆర్కిటెక్టు దగ్గరికి పరిగెత్తే ముందు, అందులో ఒక్కో షాపు ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి.

మా బావమరిదికి అలాంటి మాల్‌లోనే రెండో అంతస్తులో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. పైన సినిమా హాళ్లు మూతపడ్డాక అటు వచ్చేవాళ్లే కరువయ్యారు. పై అంతస్తులు ఫ్లాట్లుగా మారుస్తానని ఓ బిల్డర్ సెల్లార్‌లో మీటింగ్ పెడితే మా బావమరిదితో నేనూ వెళ్లాను. గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మలు: బాల్కనీల్లో పూలకుండీలు, కింద కాఫీ షాపు, సైకిళ్ల మీద పిల్లలు. వెనక వరసలోంచి ఓ పెద్దాయన లేచి, సంచీలోంచి బిల్లు తీసి, "బాబూ, ముందు ఈ జనరేటర్ డీజిల్ బకాయి ఎవరు కడతారో తేల్చు, పూలకుండీల సంగతి తర్వాత" అన్నాడు. ఇంకేముంది! లిఫ్ట్ ఎక్కని మేము దానికి మెయింటెనెన్స్ ఎందుకు కట్టాలని కింది అంతస్తు వాళ్లు. గుడ్‌విల్, అంటే షాపు తీసుకున్నప్పుడు అద్దె కాక పైన ఇచ్చిన సొమ్ము, వాపసు ఇస్తే గానీ షాపు ఖాళీ చేయనని ఓ అద్దెదారు. ఒకావిడ డల్లాస్‌లో ఉన్న కొడుకుని ఫోన్ స్పీకర్‌లో పెట్టింది, షాపు అతని పేరు మీదుందట. అక్కడింకా పొద్దున్నే కావడంతో నిద్రమత్తులోనే, "ఏ కాగితం మీదా సంతకం పెట్టకమ్మా" అంటున్నాడు. సమోసాలు అయిపోయాయి గానీ సంతకాలు మాత్రం పడలేదు.

కింద షాపు, పైన ఇల్లు మన వన్‌టౌన్‌లో తాతల నాటి నుంచీ ఉన్నదే. అక్కడ పేచీ ఎందుకు రాదంటే, కిందా పైనా ఒకే కుటుంబం కాబట్టి.

ఇక అమెరికాలో చేశారు కదా అనేవాళ్లకి ఒక మాట. డెన్వర్ పక్కన లేక్‌వుడ్‌లో 1966 నాటి విల్లా ఇటాలియా మాల్‌ను కూలగొట్టి, ఆ స్థలంలో వీధులు వేసి ఇళ్లు, షాపులు కట్టారు. 2004లో తెరిచిన ఆ కొత్త పేట బెల్మార్‌నే అందరూ చూపిస్తారు. మినియాపొలిస్ పక్కన 1956 నాటి సౌత్‌డేల్ మాల్‌లోనైతే పార్కింగ్ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేపారు. రెండు చోట్లా పాత గోడల మధ్య సంసారాలు ఇరికించలేదు. మాల్ మధ్యలో కిటికీ ఉండదు, వంటింటి పొగ పోయే దారి ఉండదు. మే నెలలో కరెంటు పోతే అందులో ఎవరుంటారు? మనకు పార్కింగ్ అంటే సెల్లారే, అందులోనూ సగం గోడౌన్ చేసేస్తారు. కరెంటు ప్యానెల్ బోర్డులూ అక్కడే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూశాక కూడా సెల్లార్‌లోనే పెడుతున్నారంటే ఏమనాలి!

అందుకే ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీలు, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టాలు, తీయించండి. ఓనర్లు చాలామంది ఉంటే ఇళ్ల ఊసెత్తకుండా పై అంతస్తులు కోచింగ్ సెంటర్‌కో, డయాగ్నస్టిక్స్ వాళ్లకో అద్దెకిచ్చుకోండి. ఒకరిద్దరి పేరు మీదే ఉంటే మాత్రం నాకూ ఓ మాట చెప్పండి, మా బావమరిది ఇంకా షాపు వెతుక్కుంటూనే ఉన్నాడు.