సలహా: గ్యాస్ ఎటు పోతోందో ముందు తెలుసుకోండి

ప్రశ్న: నేను ఒక లా ఫర్మ్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. అమెరికాలోని టెక్సాస్‌లో ఒక గ్యాస్ పైప్‌లైన్‌ను మా క్లయింట్ కొంటున్నారు. లైను మొత్తం ఆ రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఫెడరల్ కమిషన్ (కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ) పరిధిలోకి రాదని అమ్మేవాళ్లు అంటున్నారు. ‘ఈ గ్యాస్‌ను రాష్ట్రం లోపలే వాడతారు’ అని ఒక క్లాజు రాస్తే చాలని మా సీనియర్ చెప్పారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. సంతకాలకు ఇంకా పది రోజులే టైముంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ భయం నిజమైనదే అమ్మా. ఆ క్లాజు ఉండాలి, కానీ దాన్ని నమ్ముకుని సంతకం పెట్టించకండి. ఎవరి పరిధి అన్నది కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి తేల్చుకునే విషయం కాదు.

సరిగ్గా ఇలాంటి ప్రయత్నమే టెక్సాస్‌లో జరిగింది. లో-వాకా అనే కంపెనీ ఎల్ పాసో పైప్‌లైన్ కంపెనీకి గ్యాస్ అమ్మింది. కొన్న గ్యాస్‌ను ఎల్ పాసో తిరిగి అమ్మదనీ, గ్యాస్‌ను లైనులో ముందుకు నెట్టే కంప్రెసర్లలాంటి సొంత అవసరాలకే వాడుకుంటుందనీ ఒప్పందంలో రాసుకున్నారు. కానీ ఆ గ్యాస్ లైనులో మిగతా గ్యాస్‌తో కలిసిపోయి రాష్ట్రం దాటింది. 1965లో అమెరికా సుప్రీంకోర్టు ఆ అమ్మకం మొత్తం ఫెడరల్ పరిధిలోదే అని తీర్పు చెప్పింది. ఏ గ్యాస్ ఎవరి వాడకానికో కాగితం మీద పంచుకోనిస్తే నియంత్రణ వ్యవస్థే చెదిరిపోతుందన్నది కోర్టు వాదన. ఆ తీర్పు ప్రింట్ తీసి మీ సీనియర్‌గారి బల్ల మీద పెట్టండి.

చట్టం చూస్తే, 1938 నాటి నేచురల్ గ్యాస్ యాక్ట్ రాష్ట్రాల మధ్య గ్యాస్ రవాణాను, తిరిగి అమ్మడానికి జరిగే అంతర్రాష్ట్ర అమ్మకాలను ఫెడరల్ కమిషన్‌కు అప్పగించింది. బావుల నుంచి గ్యాస్ తీయడం, పోగుచేయడం, ఊళ్లలో పంపిణీ చేయడం దాని పరిధికి బయట ఉంచింది. 1954లో వచ్చిన హిన్‌షా సవరణ ఇంకో మినహాయింపు ఇచ్చింది. బయటి గ్యాస్‌ను సరిహద్దు దగ్గర గానీ లోపల గానీ తీసుకుని, మొత్తం ఆ రాష్ట్రంలోనే ఖర్చయ్యేలా నడిపే లైనుకు, రాష్ట్ర కమిషన్ నియంత్రణ ఉంటే, ఫెడరల్ పరిధి వర్తించదు. 1978 నాటి నేచురల్ గ్యాస్ పాలసీ యాక్ట్‌లోని 311వ సెక్షన్ కింద రాష్ట్రం లోపలి లైను కొన్ని షరతులతో అంతర్రాష్ట్ర రవాణా చేసినా, లైను మొత్తం 1938 చట్టం కిందికి పోదు. మీ లైను ఇప్పటికే 311 కింద గ్యాస్ పంపుతోందా? అమ్మేవాళ్లను మొదట ఇదే అడగండి. పంపుతుంటే దాని రేట్ల కాగితాలు కమిషన్ దగ్గర ఉంటాయి.

నాకు అనుభవమైన విషయం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక డీల్‌లో మ్యాప్ చూసి, లైను సరిహద్దుకు ఇవతలే ఆగిపోయిందని నోట్ రాసిచ్చాను. క్లోజింగ్‌కు, అంటే లైను చేతులు మారే రోజుకు, నాలుగు రోజుల ముందు వేరే పని మీద కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌తో మాట్లాడుతుంటే ఆయన మామూలుగా అన్నారు, ‘చలికాలంలో ఆ వాల్వు తిప్పి అవతలి పెద్ద లైనులోకి పంపుతాం కదండీ’ అని. ఆ మీటర్ స్టేషన్ మ్యాప్‌లో చిన్న చుక్కలా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్లోజింగ్ వాయిదా వేయించాం, క్లయింట్‌కు కోపం వచ్చింది. అప్పటి నుంచి ఇంజినీరుతో మాట్లాడకుండా పరిధి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు నేను.

కాబట్టి మీ పది రోజుల్లో మొదటి రెండు అందుకే కేటాయించండి. ప్రతి కనెక్షన్ దగ్గరా గ్యాస్ ఏ దిక్కుకు పోతుందో, గత కొన్నేళ్ల మీటర్ లెక్కలు, రవాణా ఒప్పందాలు అన్నీ తెప్పించండి. ఫెడరల్ లైనని తేలితే అమ్మేవాళ్లు సేవ మానడానికి, మీ క్లయింట్ నడపడానికి కూడా ముందుగా కమిషన్ అనుమతి కావాలి. దానికి నెలలు పడుతుంది. అనుమతి లేకుండా నడిపితే ఏమవుతుందో క్లయింట్‌కు అంకెల్లో చెప్పండి. 2005 నాటి ఎనర్జీ పాలసీ యాక్ట్ ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 10 లక్షల డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం అప్పట్లో కమిషన్‌కు ఇచ్చింది.

ఇక ఒప్పందం సంగతి. మీ సీనియర్ చెప్పిన క్లాజుతో పాటు అమ్మేవాళ్ల హామీ, కమిషన్ తర్వాత అభ్యంతరం చెబితే నష్టం ఎవరు భరించాలి, అనుమతి అవసరమైతే అది వచ్చేదాకా క్లోజింగ్ ఆగాలి అన్నవి రాయండి. పరిధి ఏమిటో తేల్చమని కమిషన్‌నే అడిగే దారీ ఉంది. అయితే అడిగాక వచ్చిన జవాబుకు కట్టుబడాలి, అందుకని వాస్తవాలన్నీ చేతికొచ్చాకే ఆ మాట ఎత్తండి.

రేట్ల పరిధినీ భద్రత పరిధినీ కలిపేయకండి. భద్రత కేంద్ర రవాణా శాఖ కిందికి వస్తుంది. టెక్సాస్‌లో రాష్ట్రం లోపలి లైన్ల తనిఖీ చేసేది రైల్‌రోడ్ కమిషన్. పేరు చూసి కొత్తవాళ్లు దాన్ని వదిలేస్తారు. రైళ్ల పని దాని చేతిలోంచి 2005లోనే పోయింది, గ్యాస్ మాత్రం ఇప్పటికీ దానిదే.

మీ సీనియర్‌ను అందరి ముందు కాదనకండి. తెలిసిన వాస్తవాలు, తెలియనివి, ఎవరిని అడగాలి అన్నవి ఒక్క పేజీలో రాసి ముందుగా ఆయనకే ఇవ్వండి. ఆ పేజీ మీద తేదీ తప్పకుండా వేయండి.