బుజ్జీ, ఆ ఎర్రర్ రెస్పాన్స్‌ల పని మొదలుపెట్టే ముందు ఇది చదువు

బుజ్జీ,

మీ ఏపీఐలో, అదే వేరే ప్రోగ్రాములు మీ సర్వర్‌తో మాట్లాడే దారిలో, ఏదైనా తప్పు జరిగితే వెళ్ళే ఎర్రర్ రెస్పాన్స్‌లన్నీ మార్చే పని నీకే అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది, ఎంత గర్వంగా అనిపించిందో, కానీ వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది, అందుకే రాస్తున్నా.

ఫార్మాట్ కోసం బుర్ర బద్దలుకొట్టుకోకు, ఎర్రర్ రెస్పాన్స్ ఎలా ఉండాలో చెప్పే ఇంటర్నెట్ ప్రమాణం, 2023లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9457 ఉంది, అందులో ఫీల్డులు టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్, ఇంకేమన్నా కావాలంటే నీ ఫీల్డులు కలుపుకో. కోడ్‌లో ఏ వరసల్లో తప్పు జరిగిందో చూపించే స్టాక్ ట్రేస్ బయటకి పంపకు. లాగిన్‌లో "ఈ ఈమెయిల్ మా దగ్గర లేదు" అని చెప్పకు, ఎవరికి అకౌంట్ ఉందో లేదో బయటివాళ్ళకి తెలిసిపోతుంది.

నా భయమంతా స్టేటస్ కోడ్ గురించే, అదే, రిక్వెస్ట్ ఏమైందో చెప్పే ఆ మూడంకెల నంబర్. అప్పట్లో మేం వాడే ఒక సర్వీసువాళ్ళు అన్ని ఎక్సెప్షన్లకీ, అదే ప్రోగ్రామ్‌లో వచ్చే తప్పులన్నిటికీ, జవాబిచ్చే కోడ్, హ్యాండ్లర్, ఒకటే పెట్టారు, లోపల ఏం జరిగినా బయటకి 400, దాంతోపాటు "మీ రిక్వెస్ట్ పూర్తి కాలేదు" అని మర్యాదగా ఒక మెసేజ్. చూడ్డానికి ఎంత నీట్‌గా ఉండేదో. ఒకరోజు వాళ్ళ డేటాబేస్ పడిపోయింది. అప్పుడు సర్వీసు ప్రస్తుతం అందుబాటులో లేదనే 503 ఇచ్చి, మళ్ళీ ఎప్పుడు రావాలో రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో చెప్పాలి కదా, అప్పుడూ 400 ఏ. ఆర్డర్లని వరసలో పెట్టి పంపే మా క్యూ కోడేమో 503 వస్తే కాసేపాగి మళ్ళీ పంపుతుంది, 400 వస్తే రిక్వెస్టే తప్పు, ఎన్నిసార్లు పంపినా ఇంతే అనుకుని తీసి పారేస్తుంది. అలాగే పారేసింది, ఆర్డర్లు వరసపెట్టి పోయాయి. వాళ్ళ అలారం కూడా మోగలేదు, అది 5తో మొదలయ్యే, అంటే సర్వర్ వైపు తప్పని చెప్పే కోడ్‌లనే లెక్కపెట్టేది మరి. కస్టమర్లు ఫోన్లు చేస్తేగానీ ఎవరికీ తెలీలేదు. లాగ్‌ల్లోంచి ఒక్కో ఆర్డరూ ఏరి మళ్ళీ ఎక్కించిన అమ్మాయికి ఇప్పుడు నీకున్న వయసే, తన తప్పు ఇసుమంతైనా లేకపోయినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే చేసింది.

నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే, అన్నీ ఒకేలా సర్దేస్తేగానీ నీకు నిద్రపట్టదు. ఇక్కడ ఆ పని చేశావో ఊరుకోను! మెసేజ్ మనుషులు చదువుతారు, కోడ్ చూసి అవతలి ప్రోగ్రామ్ నిర్ణయం తీసుకుంటుంది, అందుకే ఎవరో గుర్తుపట్టే టోకెన్ లేకపోతే 401, టోకెన్ ఉండీ పర్మిషన్ లేకపోతే 403, రిక్వెస్ట్‌లు ఎక్కువైతే 429, దేనిది దానికే ఇవ్వు. నీ పనితనం చూపించాలనుంటే డీటెయిల్‌లో చూపించు తల్లీ, ఏ ఫీల్డ్ తప్పో, ఏం పంపాలో రాయి, నువ్వు ఓపిగ్గా విడమరిచి చెప్పే తీరు నాకు తెలుసుగా.

ఇంకోటి, మీ సర్వర్‌కి ముందుండి రిక్వెస్ట్‌లని లోపలికి పంపే గేట్‌వే, జవాబు కోసం చూసి చూసి టైమౌట్ అయితే నీ హ్యాండ్లర్ దాకా విషయమే రాదు, గేట్‌వే తన సొంత హెచ్‌టీఎమ్ఎల్ పేజీతో 504 పంపుతుంది, జేసన్ అనే డేటా ఫార్మాట్ కోసం చూసే అవతలి ప్రోగ్రామ్, అదే క్లయింట్, అక్కడ ఆగిపోతుంది. దాని ఎర్రర్ పేజీ కూడా మార్పించు. రిలీజ్‌కి ముందు టెస్ట్ సర్వర్లో డేటాబేస్ ఆపేసి, కమాండ్‌తో రిక్వెస్ట్ పంపే టూల్ కర్ల్‌తో కొట్టి, వచ్చిన రెస్పాన్స్ హెడర్లతో సహా నాకు పంపు, ఎంత రాత్రయినా చూస్తా.

మావయ్య