మందు స్ట్రిప్పు చదివే ఫోను మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ప్రతిపాదన చదివాను. "చూపు లేనివారికి కృత్రిమ మేధ సహాయకుడు" అన్న పేరు ముందు మార్చు. మందులు చదవడం, బస్సు బోర్డు చదవడం, మనుషుల్ని గుర్తుపట్టడం, దారి చెప్పడం అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో థీసిస్. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నీకున్నది మూడేళ్ల నుంచి ఆరేళ్లు, అందులో కోర్స్‌వర్క్ కూడా కలిసే ఉంటుంది. ఒక్క పని పట్టుకో. మందు స్ట్రిప్పు చదవడం పట్టుకోమంటాను.

రేకు మెరుస్తుంది, ట్యూబ్‌లైటు కింద సగం అక్షరాలు వెలుతురులో కలిసిపోతాయి. గడువు తేదీ చాలా స్ట్రిప్పుల మీద సిరా లేకుండా అంచున నొక్కిన అచ్చుగా ఉంటుంది. పక్కనుంచి వెలుతురు పడితే తప్ప కెమెరాకు అందదు. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే ఆ అంచు ఇంటికే రాకపోవచ్చు. ఇవి ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాల్ని గుర్తుపట్టి చదివే సాఫ్ట్‌వేర్) సమస్యలు, కష్టపడితే లొంగుతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. మసకబారిన నాలుగు అక్షరాల్ని ఇప్పటి కృత్రిమ మేధ మోడల్ తనకు తెలిసిన ఏదో మందు పేరుగా పూర్తిచేసి, తడబాటు లేకుండా చెప్పేస్తుంది. పాత ఓసీఆర్ తప్పితే అర్థంలేని అక్షరాలు వచ్చేవి, వినేవారికి వెంటనే అనుమానం కలిగేది. ఇప్పటి తప్పు అచ్చం మందు పేరులాగే వినిపిస్తుంది. కంటితో సరిచూసుకునే వీలు లేని మనిషికి, మోడల్ తప్పిందని ఎలా తెలుస్తుంది? నీ థీసిస్ అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి.

అందుకే ఫలితాల పట్టికలో ఒక్క కచ్చితత్వ శాతం పెట్టి ఊరుకోవద్దు. సరిగ్గా చదివినవి, తప్పు చదివినవి, "తెలియడం లేదు" అన్నవి విడివిడిగా చూపించు. 200 ఫొటోల మీద ఒక మోడల్ 180 సరిగ్గా, 20 తప్పుగా చదివిందనుకో. ఇంకో మోడల్ 160 సరిగ్గా, 4 తప్పుగా చదివి, 36 సార్లు మళ్లీ ఫొటో తీయమంది. శాతాల్లో మొదటిది 90, రెండోది 80. మందుల విషయంలో నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. 0.5 మిల్లీగ్రాముల్లో చుక్క జారిపోతే మోతాదు పదింతలవుతుంది, కాబట్టి తప్పుల్ని కూడా పేరులో తప్పు, మోతాదులో తప్పు, తేదీలో తప్పు అని విడగొట్టు. బస్సు బోర్డు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. బస్సు ఆగేది కొన్ని క్షణాలే. 218ని 219 అని చదివినా కండక్టర్‌ని అడిగితే తేలిపోతుంది. అక్కడ మాటిమాటికీ ఆగిపోయే ఫోను ఎవరికీ అక్కర్లేదు.

ఎంత నమ్మకం ఉంటే చదవాలి, ఎక్కడ ఆగాలి అన్న హద్దును ల్యాబ్‌లో కూర్చుని తేల్చేయకు. వాడేవారితో కూర్చుని, వారింట్లో ఉన్న మందులతోనే తేల్చు. మోడల్ తన నమ్మకం 0.9 అన్నంత మాత్రాన నూటికి తొంభైసార్లు అది నిజమని కాదు. శిక్షణలో వాడని ఫొటోల మీద ముందు కాలిబ్రేట్ చెయ్యి, అంటే మోడల్ చెప్పే నమ్మకం అది నిజంగా సరైనన్ని సార్లతో కలిసేలా సరిదిద్దు. ఆ అంకెను వినిపించడం వల్ల కూడా ఉపయోగం లేదు. "వెలుతురు మెరుస్తోంది, స్ట్రిప్పును కొంచెం వంచండి" అంటే మనిషి చేయగలిగిన పని ఒకటి దొరుకుతుంది.

ఫొటోలు వాడేవారే తీయాలి. చూపున్న విద్యార్థి బల్లమీద పెట్టి తీసిన ఫొటోలో స్ట్రిప్పు నిటారుగా, నడిమధ్యన ఉంటుంది. నిజంగా వచ్చేవాటిలో వేలు అడ్డుంటుంది, సగం స్ట్రిప్పు ఫ్రేము బయట ఉంటుంది. చూపు లేనివారు తీసిన ఫొటోలు, వారడిగిన ప్రశ్నలతో 2018లో వచ్చిన విజ్‌విజ్ డేటాసెట్ చూడు. అందులో దాదాపు 31 వేల ఫొటోలున్నాయి, జవాబు చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఆ చెప్పలేనివే నీకు ఎక్కువ నేర్పుతాయి. నీ సొంత సేకరణకు 20 మంది, ఒక్కొక్కరు 30 ఫొటోలు చాలు. శిక్షణకు, పరీక్షకు విడగొట్టేటప్పుడు ఫొటోల వారీగా కాదు, మనుషుల వారీగా విడగొట్టు. ఒకే ఇంటి స్ట్రిప్పు రెండు వైపులా పడితే అంకెలు ఉత్తుత్తిగా పెరుగుతాయి. వెనకాల ఆధార్ కార్డో, మందుల చీటీయో, ఇంట్లోవాళ్ల ముఖమో పడి ఉండొచ్చు. ఫొటో సర్వర్‌కి వెళ్లకముందే వాటిని కత్తిరించే ఏర్పాటు చెయ్యి.

మనుషుల కోసం ఆఖరి ఏడాది పరుగెత్తకు. బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగానికీ, బేగంపేట దేవనార్ అంధుల పాఠశాలకూ మొదటి ఆరు నెలల్లోనే వెళ్లి మాట్లాడు. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీతో పాటు ఆ సంస్థ అనుమతి కూడా వేరుగా కావాల్సి రావచ్చు, దానికి నెలలు పడుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. కళ్లకు గంతలు కట్టిన ఇంజనీరింగ్ విద్యార్థులతో మాత్రం ప్రయోగం చెయ్యకు. వారికి తెలిసేది అప్పుడే చూపు పోయిన అయోమయం. ఏళ్ల తరబడి అలవాటైన నైపుణ్యం కనిపించదు. పుట్టుకతో చూపు లేనివారు, తర్వాత పోయినవారు, కొంత చూపు మిగిలినవారు, ముగ్గురూ వేర్వేరు. ఎవరెవరో రాసి పెట్టుకో.

పదిమందే దొరికారని చిన్నబుచ్చుకోకు. ఒక్కొక్కరినీ వారితోనే పోల్చే సింగిల్ కేస్ పద్ధతి ఇలాంటి పనికోసమే ఉంది. కనీసం ముగ్గురు, యాప్ ఇవ్వకముందు ఐదు కొలతలు, ఇచ్చాక ఐదు, యాప్‌ను ఒక్కొక్కరికీ వేర్వేరు రోజున మొదలుపెట్టాలి.

సమ్మతి పత్రం కాగితం మీద ఇచ్చి సంతకం పెట్టమంటే అది సమ్మతి కాదు. తెలుగులో చదివి రికార్డు చేసి, నీ బృందానికి చెందని సాక్షి ఎదుట వినిపించు, ఆ ఆడియో వారి వాట్సాప్‌కి పంపు. వచ్చినవారికీ, తోడు వచ్చినవారికీ ఆటో ఖర్చు గౌరవ వేతనంతో కలపకుండా ఆ రోజే ఇచ్చేయి. వాడటం ఎంత సులువో కొలిచే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ ఫారం వాడు, కానీ దాన్నే నమ్ముకోకు. "బాగుందమ్మా" అని అందరూ అంటారు, నీ మీద ప్రేమకొద్దీ. "గత వారం ఏ మందుకి దీన్ని వాడకుండా ఇంకొకరిని అడిగారు? ఎందుకు?" అని అడుగు.

ఫోను విషయానికొస్తే, వారి ఫోన్‌లోనే పరీక్షించు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఒకటి మాట్లాడుతుంటే నీ యాప్ ఇంకో గొంతుతో పైన పడకూడదు. నీ ప్రకటనలు టాక్‌బ్యాక్ ద్వారానే వెళ్లాలి, అప్పుడే వారు అలవాటుపడ్డ వేగంలో వినిపిస్తాయి. ఆలస్యాన్ని మోడల్ దగ్గర కొలవకు, బటన్ నొక్కినప్పటి నుంచి మొదటి మాట వినిపించేదాకా కొలువు. 500ని "ఐదు వందలు" అనాలో, "ఫైవ్ హండ్రెడ్" అనాలో, అంకె అంకెగా చెప్పాలో ప్రతి ఒక్కరినీ అడిగి సెట్టింగ్‌లో పెట్టు.

చివరగా ఒక లెక్క. 1993లో అమెరికాలో ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు వైకల్యం ఉన్న 227 మందిని అడిగితే, సహాయక పరికరాల్లో 29.3 శాతం పూర్తిగా మూలన పడ్డాయని తేలింది. ఎంపికలో వాడేవారి అభిప్రాయం పట్టించుకోకపోవడం కారణాల్లో ఒకటి. నీ యాప్ ఎన్నాళ్లు నడుస్తుందో, ఆండ్రాయిడ్ మారితే ఎవరు సరిచేస్తారో, ఆపేసే ముందు ఎన్ని నెలల ముందుగా చెబుతావో ఎథిక్స్ దరఖాస్తులోనే రాయి. దరఖాస్తు చిత్తుప్రతిని ఆ పదిమందిలో ఒకరికి, జీతమిచ్చి, ముందుగా చదివించు. వారు టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్‌తో చదవగలిగేలా పీడీఎఫ్‌లో శీర్షికలు, పట్టికలు సరిగ్గా ట్యాగ్ చేసి పంపు. వారు గుర్తుపెట్టినవి సరిచేశాకే నాకు పంపు.

ఆశీస్సులతో.