డెవలపర్లను టెస్ట్‌కి పిలవండి

స్క్రీన్లు వాడటం యూజర్లకు ఎంత సులువో టెస్ట్ చేసి మీరు రాసిన 40 పేజీల యూజబిలిటీ రిపోర్టును డెవలపర్లు పక్కన పెట్టేస్తున్నారని రాశారు. రిలీజ్‌కి వారం ముందు అందితే ఎవరైనా అదే చేస్తారండీ, అప్పటికి కోడ్ కదిలించే టైమ్ ఉండదు. తర్వాతి టెస్ట్‌కి ఆ స్క్రీన్ రాసిన డెవలపర్‌నే పిలిచి కూర్చోబెట్టండి. తను పెట్టిన బటన్ కోసం యూజర్ తడుముకోవడం కళ్ళారా చూశాక వాదించాల్సిన పని ఉండదు. ఒక టెస్ట్‌కి యూజర్లు ఐదుగురు చాలని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే చెప్పారు. మార్పులు చేశాక మళ్ళీ ఇంకో ఐదుగురు. దొరికిన ప్రతి సమస్యనూ డెవలపర్లు లోపాలను నమోదు చేసుకునే బగ్ ట్రాకర్‌లోనే విడిగా నమోదు చేయండి: ఏ స్క్రీన్, యూజర్ ఏం చేయబోయారు, ఎక్కడ ఆగిపోయారు, తీవ్రత 0 (సమస్యే కాదు) నుంచి 4 (అతి తీవ్రం)లో ఎంత. పరిష్కారం మాత్రం మీరే రాసేయకండి. ఏ మార్పు సులువో వాళ్ళకే బాగా తెలుసు, కలిసి కూర్చుని తేల్చుకోండి.