ముసురు రోజు కన్నా వాన లేని సాయంత్రమే గడ్డుది

ఎండా గాలీ రెండూ తగ్గిన రోజుల్లో కరెంటు సంగతేమిటి, పెద్ద బ్యాటరీలు పెడితే సరిపోదా అని మీరు అడిగారు. నేను ఇంజినీరును కాను. బాలానగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుతూ, ఫ్యాక్టరీలకు కొన్ని రోజులు కరెంటు ఆపేసిన 2012 నాటి పవర్ హాలిడేల్లో పనివాళ్లను ఊరికే కూర్చోబెట్టి కూలి ఇచ్చినవాణ్ణి. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలు ఏర్పడింది అక్కడే.

కూకట్‌పల్లిలోని మా ఇంటి మీద 2022లో 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాను. వీధిలో కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే, లైన్ మీద పనిచేసేవాళ్ల భద్రత కోసం ఆ పలకలూ ఆగిపోతాయన్న ముక్క అమర్చినవాళ్లు ముందుగా చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. అప్పటినుంచి రోజూ ఎన్ని యూనిట్లు వచ్చాయో ఒక పాత పాల పద్దు పుస్తకంలో రాసుకుంటున్నాను.

2023 జూలై చివరి వారంలో ముసురు పట్టింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది ఆ వారమే. పన్నెండు యూనిట్లు రావలసిన చోట నా పుస్తకంలో రెండు, ఒకటిన్నర, మళ్లీ రెండు అని పడింది. "అప్పు చేసి మేడ మీద అద్దాలు పరిచారు" అని మా ఆవిడ దెప్పింది. అయినా ఆ వారం కొమ్మ విరిగి తీగల మీద పడ్డ గంటా రెండు గంటలు తప్ప మాకు కరెంటుకు లోటు రాలేదు. ఎందుకంటే వానకు అవసరం లేక పొలాల మోటార్లు, ఇళ్లలో ఏసీలు ఆగిపోయాయి, నైరుతి గాలికి కర్ణాటక, తమిళనాడుల్లో గాలిమరలు తిరుగుతాయి, జలాశయాల్లోకి నీరు వస్తుంది.

తర్వాతి నెల లెక్క తారుమారైంది. 1901 నుంచి చూస్తే దేశంలో అంత పొడి ఆగస్టు లేదన్నారు. నా పుస్తకంలో మాత్రం రోజూ పన్నెండు, పదమూడు. జగిత్యాల దగ్గర వ్యవసాయం చేసే తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నాటు ఎండిపోతున్నది, రాత్రీ పగలూ మోటారు ఆపడం లేదు" అన్నాడు. సెప్టెంబరులో దేశపు గరిష్ఠ డిమాండు 2,43,000 మెగావాట్లు దాటింది. నా పలకలు బాగా పండిన నెలే రాష్ట్రానికి కష్టకాలమైంది, ఎందుకంటే సాయంత్రం ఏడింటికి వాటి విలువ సున్నా.

బ్యాటరీలు ఆ ఏడింటి గండాన్ని రెండు, నాలుగు గంటలు దాటిస్తాయి. వారాల తరబడి సాగే కొరతకు అవి చాలవు కాబట్టి బొగ్గు కేంద్రాలను పూర్తిగా మూసేయకూడదు. వాటిని ఖాళీగా ఉంచినా, కట్టిన ఖర్చు, నిర్వహణ కింద స్థిర ఛార్జీలు చెల్లించవలసిందే. ఆ ఖర్చు దండగ అని వాదించేవారికి పవర్ హాలిడేలో మూతపడిన నా షాపును చూపించి ఉంటే బాగుండేది. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి కరెంటు మోసే తీగల బలమూ అంతే ముఖ్యం. 2012 జూలైలో ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాల గ్రిడ్లు, అంటే ఆ తీగల వలలు, కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో ఉన్నప్పుడు మనం వాటితో పూర్తిగా కలిసి లేనందున తప్పించుకున్నాం. కానీ ఆ విడితనం వల్లే మన కొరత రోజుల్లో అవతలి కరెంటు కావలసినంత ఇటు రాలేకపోయింది. దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఏకమైంది 2013 డిసెంబరు 31న.

నా నమ్మకం మాత్రం నీటి మీదే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యంత్రాలున్నాయి. వాడకం తక్కువున్న వేళ మిగిలిన కరెంటుతో సాగర్ నీటిని పైకి తోడి, వాడకం పెరిగిన వేళ కిందికి వదిలేలా వాటిని కట్టారు. నాలుగు యూనిట్లు ఖర్చుపెడితే సుమారు మూడు చేతికొస్తాయి, అది నష్టమేమీ కాదు. కరువు ఏడు సాగర్ అడుగంటితే ఏం తోడతారని మీరు అడగవచ్చు. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల పథకంలాగా, ఒకసారి నింపుకున్న నీటినే రెండు చెరువుల మధ్య తిప్పుకునేవి ఇంకా కావాలి.

మా కాలనీ బోరు మోటారును సాయంత్రం ఏడింటికి కాకుండా మధ్యాహ్నం పన్నెండింటికి వేసి ట్యాంకు నింపమని సంఘం సమావేశంలో అడిగాను. అందరూ తలలూపారు. రెండు వారాలు సాగింది. తర్వాత వాచ్‌మన్ భోజనానికి వెళ్లే వేళ అదేనని మళ్లీ ఏడింటికే వేస్తున్నారు.