కోనసీమలో ఇంటికీ కొట్టుకీ పాలిష్డ్ కాంక్రీట్ వేయించుకోవచ్చా? వేయించుకున్నవాడి జవాబు

ప్రశ్న అడిగినవారు అమలాపురం దగ్గర ఇల్లు కడుతున్నారట. ముందు కొట్టు, వెనక ఇల్లు. టైల్స్ మానేసి మొత్తం పాలిష్డ్ కాంక్రీట్, అంటే కాంక్రీట్ గచ్చునే మెషీన్‌తో అరగదీసి మెరిపించడం, చేయిస్తే మన చెమ్మకి ఆగుతుందా, ఏ కంపెనీ మెషీన్ మంచిది, ఎంత మెరుపు వస్తుంది అని అడిగారు.

ఆగుతుందండి. మాదీ అదే ప్లాను, అంబాజీపేట వైపు. ముందు కొబ్బరి కొట్టు, వెనక ఇల్లు. 2019లో చేయించాను. కాకపోతే మీరు మెషీన్ గురించి అడిగారు, నేను తాపీ మేస్త్రి గురించి చెబుతాను. నా డబ్బులు పోయింది అక్కడే.

మా నాన్న కట్టించిన పాత కొట్టులో మామూలు సిమెంటు గచ్చు ఉండేది. పైపొర పిండిలా లేచేది. పొద్దున్నే చిమ్మితే చేటెడు బూడిద, మధ్యాహ్నానికి మళ్లీ చేటెడు. ఎండు కొబ్బరి రాశి పోస్తే చిప్పలన్నిటికీ ఆ పొడి. ఒకసారి సరుకు కొనడానికి వచ్చినాయన చిప్ప మీద వేలు రాసి, ఆ వేలు నాకే చూపించి, రేటు తగ్గించి మరీ పోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత గచ్చు తవ్వించేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

నాలుగంగుళాల మందం, ఎం25 అనే గట్టిదనం గ్రేడు కాంక్రీట్ అనుకున్నాం. కింద ఇసుక నింపి, నీళ్లు పట్టి, దిమ్మిస కొట్టించాను. దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిపించాను. మా దగ్గర కాస్త లోతు తవ్వితే చాలు, నీళ్లు పడతాయి. ఆ చెమ్మ పైకి ఎక్కకుండా ఈ షీటు ఉండాలి. మేస్త్రి దాన్ని చూసి, "ఇది గచ్చాండీ, రొయ్యల చెరువాండీ?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ పరిచాడు. నేను సరిగ్గా చేయించిన పని అదొక్కటే.

పోసిన రోజు చెబుతాను. ఏప్రిల్ ఆఖరు. బస్తా సిమెంటుకి పాతిక లీటర్ల నీళ్లు దాటకూడదని ముందే చెప్పి, కాంక్రీట్ కలిపే మిల్లరు పక్కన గుర్తు గీసిన బకెట్ పెట్టాను. పొద్దున్నంతా నేను అక్కడే నిలబడ్డాను, ఆ బకెట్‌తోనే పోశారు. మాలు గట్టిగా వస్తోందని, లాగలేకపోతున్నామని కూలీలు గొణుగుతూనే ఉన్నారు. ఒంటిగంటకి ఇంట్లోంచి భోజనానికి పిలుపొచ్చింది. పనసపొట్టు కూర చేశారు. తిన్నాక ఒక్క అరగంట నడుం వాల్చాను.

వచ్చి చూస్తే మాలు మజ్జిగ పులుసులా జారుతోంది. బద్ద కొట్టే పనే లేదు, దానంతట అదే సర్దుకుంటోంది. ఇదేంటని అడిగితే, "ఏం పర్లేదండి బాబూ, నీటుగా వస్తుంది" అన్నాడు మేస్త్రి. సాయంత్రానికి పైన నీళ్లు తేలాయి. ఆ నీళ్లు పీల్చడానికి అరబస్తా పొడి సిమెంటు తెచ్చి ముగ్గు జల్లినట్టు జల్లి, తాపీతో రుద్దేశాడు. నిజం చెప్పాలంటే ఆ పూట అద్దంలాగే ఉంది. నేనే ఫోటో తీసి మా బావగారికి పంపించాను.

తర్వాత తడపడం. మన కాలువలు వేసవిలో కట్టేస్తారు కదా, చెరువు కూడా అడుగంటింది. బోరు నీళ్లే దిక్కు. మా బోరు ఉప్పు. మడులు కట్టి వారం రోజులు ఆ నీళ్లే నిలబెట్టాం. ఆరాక చూస్తే గచ్చంతా తెల్లగా ఉప్పు పూసింది. పోసిన మర్నాడే గచ్చులో కోయాల్సిన గాడులు కూడా కటింగ్ మెషీన్ ఖాళీ లేదని నాలుగో రోజు కోశారు. నాలుగంగుళాల మందానికి అంగుళం లోతున, పది అడుగులకొకటి. అప్పటికే ఓ మూల బీట పడిపోయింది. కాంక్రీట్ కుదించుకుంటుంది, ఎక్కడో ఒకచోట చీలుతుంది. గాడి మనం ముందే కోసి ఉంచితే అందులోనే చీలుతుంది, ఆలస్యం చేస్తే తనకి నచ్చినచోట చీలుతుంది.

28 రోజులు దాటనిచ్చి పాలిష్‌వాళ్లని పిలిచాను. విజయవాడ నుంచి మెషీన్ వచ్చింది. దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి. కొట్టుకి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే జనరేటరే. అడుగున వజ్రపు ముక్కలున్న పళ్లేలు తిరుగుతుంటాయి. ముందు 30 నంబరు గరుకుతో మొదలుపెట్టి, నంబరు పెంచుకుంటూ 400, 800, 1500 దాకా వెళ్తారు. షట్టర్ వైపు నుంచి మొదలుపెట్టారు. నీళ్లు, బూడిదరంగు బురద, చెవులు చిల్లులు పడే మోత. బురద పక్కకి లాగితే కింద నల్ల రాతి చిప్స్ నువ్వుల్లా తేలుతున్నాయి. నా ఆనందం ఇంతా అంతా కాదు.

కొట్టు సగానికి వచ్చేసరికి మోత మారిపోయింది. పైపొర అప్పడంలా పెచ్చులు లేస్తోంది. కుర్రాడు మెషీన్ ఆపేసి, వంగి, బండి తాళంచెవితో ముందు వైపు ఒక గీత గీశాడు. ఏమీ పడలేదు. వెనక వైపు గీశాడు. పలక మీద బలపంతో గీసినట్టు తెల్లగా పడింది. గోడ నుంచి గోడ దాకా ఒక సరిహద్దు. ఇటు ఉక్కు, అటు సుద్ద.

"ఇక్కడేం జరిగిందండీ?" అన్నాడు.

"భోజనాలు జరిగాయి" అన్నాను.

నీళ్లెక్కువైన మాలు, పైన జల్లిన పొడి సిమెంటు పడిన ఆ వెనక సగం మళ్లీ రెండు సార్లు లోతుగా అరగదీశారు. గట్టిపరిచే మందు, డెన్సిఫయర్ అంటారు, ముందు సగానికి ఒకసారి కొడితే చాలింది, వెనక రెండు సార్లు తాగించారు. అది సిలికేట్ ద్రావణం. కాంక్రీట్‌లో మిగిలిపోయిన సున్నంతో కలిసి లోపలే గట్టిపడుతుంది, పొడి లేవదు. పైన పూసే రంగు కాదు కాబట్టి ఊడిపోయే సమస్య లేదు. అడుగుకి వంద రూపాయలని మాట్లాడుకున్న పని నూట నలభైకి తేలింది. వెనక సగంలో ఇప్పటికీ రాళ్లు ఎక్కువ, మెరుపు తక్కువ. కొట్టుకి వచ్చినవాళ్లు అది డిజైను అనుకుంటున్నారు. నేనూ అవుననే అంటున్నాను.

ఇంత చెప్పాక కూడా టైల్స్ మాత్రం నేను వేయించను. మా అమ్మమ్మగారిది ఏటిగట్టు అవతల లంక. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద మూడో ప్రమాద హెచ్చరిక దాటిపోయినప్పుడు వాళ్లింట్లో మోకాళ్ల దాకా నీళ్లు. తీశాక జానెడు ఒండ్రు. ఎర్ర గచ్చు, ఎప్పటిదో, అమ్మమ్మ నెలకోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది. కడిగేశాం, అలాగే ఉంది. పక్కింట్లో కొత్త టైల్స్ సగం పైకి లేచి, నడిస్తే డబడబమని మోగుతున్నాయి. ఒక్క ఇల్లు చూసి తీర్పు చెబుతున్నావేంటని మా బావగారు దెప్పుతారు. చెబుతాను. టైల్స్ వచ్చాకే మన ఇళ్లలో అందరూ స్నానాల గది దగ్గర జారి పడుతున్నారని నాకు గట్టి నమ్మకం. ఇక ఎపాక్సీ, అంటే నేల మీద రంగులా వేసే పూత, పూయించుకోమని ఫోన్లు చేసేవాళ్లు వేరే. మా చుట్టాల కొట్టులో పూయించారు, రెండో వర్షాకాలానికి కింది చెమ్మకి బుడగలు లేచాయి.

ఇంటి సంగతి. హాలు కూడా ఇదే చేయించాం, ఎందుకంటే చిన్న పనికి వాళ్లు మెషీన్ కదపరు. కొట్టూ ఇల్లూ కలిపితేనే వచ్చారు. మొదటి సంక్రాంతికి మా అత్తయ్యగారు భోగికి ముందురోజు టీవీ ఎదురుగా కూర్చుని ఇత్తడి బిందెలన్నీ చింతపండు పెట్టి తోమారు. సీరియల్ అయ్యేదాకా ఆ పులుసు నేల మీదే ఉంది. తుడిస్తే బిందె అడుగు గుండ్రంగా, పాలిపోయిన చందమామలా అచ్చు పడింది. పులుపు తగిలితే అది సిమెంటుని తినేస్తుంది, మెరుపు పోతుంది. "ఇన్ని లక్షలు పోసి చింతపండుకి ఆగని గచ్చు వేయించారా అల్లుడుగారూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు దాని మీద చాప వేసి ఉంచుతున్నాం. అందుకని వంటింట్లో మాత్రం వద్దు, గ్రానైట్ వేయించుకోండి. ముసురు రోజుల్లో చల్లటి నేలకి చెమట పడుతుంది, కింద నుంచి వచ్చిన చెమ్మ అనుకుని కంగారుపడకండి. ఫ్యాను వేస్తే ఆరిపోతుంది.

మీరు జూన్‌లో కాలువలు వదిలాక పోయించండి, తడపడానికి మంచి నీళ్లు దొరుకుతాయి. పొడి సిమెంటు బస్తా ఆ రోజు ఎవరి చేతికీ అందకుండా దాచేయండి. భోజనం క్యారేజీ కట్టించుకుని మిల్లరు పక్కనే తినండి. పనసపొట్టు కూర రాత్రికి చేయించుకోవచ్చు.